ఫ్రెంచి ఎం.ఏ. మధ్యలో ఆపేసి ఉద్యోగంలో చేరిపోనా?

పేరూ ఊరూ బయటపెట్టొద్దని కోరిన ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాను.

వయసు 22. కోస్తా జిల్లాలో చిన్న పట్నం. నాన్న ఎరువుల దుకాణంలో గుమాస్తా, అమ్మ ఇంట్లో మిషను కుడుతుంది. ఇంటర్లో మార్కులు బాగా పడతాయని కాలేజీవాళ్లు రెండో భాషగా ఫ్రెంచి ఇప్పించారు. బట్టీ పట్టి రాస్తే వందకి 98 వచ్చాయి. ఆ ఊపులో డిగ్రీలోనూ అదే తీసుకుని, ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి ఎం.ఏ. మూడో సెమిస్టర్ చివరికొచ్చింది. క్లాసులో ఢిల్లీ, పుదుచ్చేరి నుంచి వచ్చినవాళ్లు గడగడా మాట్లాడుతుంటే తను వెనక బెంచీలో నోరు మెదపదు. సిలబస్‌లో ఉన్న సెనెగల్ రచయిత్రి మరియామా బా నవలను ఇంగ్లీషు అనువాదంలో చదివి, ఫ్రెంచిలో చదివినట్టు నటిస్తోంది. "దొంగతనం చేస్తున్నట్టు ఉంటోంది" అని రాసింది.

నాలుగో సెమిస్టర్లో డిసర్టేషన్ (చిన్న పరిశోధనా గ్రంథం) రాయాలి. మారిషస్ వెళ్లిన మన కూలీల గురించి వచ్చిన ఫ్రెంచి నవలల మీద రాయాలని తన కోరిక. గైడ్ మాత్రం "మెటీరియల్ దొరకదు" అని, అందరికీ తెలిసిన ఫ్రెంచి రచయిత కామూ మీద చెయ్యమన్నారు. ఈలోగా హైటెక్ సిటీలోని ఒక కంపెనీ ఫ్రెంచి ప్రాసెస్‌లో, అంటే ఫ్రెంచి కస్టమర్లకి జవాబులిచ్చే విభాగంలో, ఉద్యోగం ఇచ్చింది. ఏడాదికి అయిదున్నర లక్షలు, షిఫ్టులు మారుతుంటాయి, జనవరిలో చేరాలి. హాస్టల్ ఫీజు కోసం పెట్టిన అమ్మ గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది. నాన్న దృష్టిలో ఫ్రెంచి అంటే పారిస్. "ఇంతా చేసి ఆఫ్రికా కథలా నువ్వు చదివేది?" అని బాబాయి పండక్కి అందరి ముందూ నవ్వాడట. చివరి వాక్యం తన మాటల్లోనే: "ఇది నా భాషా కాదు, నా సాహిత్యమూ కాదు. ఎవరిదో ఇంట్లో అతిథిలా ఎన్నాళ్లుంటాను టీచర్ గారూ?"

అమ్మాయ్, టీచర్ గారూ అన్నావు కాబట్టి నేనూ నువ్వనే అంటాను.

నీ ఉత్తరంలో డబ్బుంది, భాష ఉంది, గైడ్ ఉన్నారు, ఇల్లుంది, చివర్లో ఇది ఎవరి సాహిత్యమన్న దిగులుంది. వీటిలో జనవరి గడువున్నది ఒక్క ఉద్యోగానికే. మిగతావాటికి ఏ తేదీ లేదు. కానీ అన్నిటినీ ఆ తేదీకే కట్టేసి, అన్నీ జనవరిలోపు తేలిపోవాలన్నట్టు రాశావు. అందుకని ముందు నిన్నొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. గొలుసు విడిపించడానికే ఉద్యోగంలో చేరాలనుకుంటున్నావా? లేక వెనక బెంచీలోంచి లేచి వెళ్లిపోవడానికి గౌరవంగా చెప్పుకోగల కారణం దొరికిందా? ఉద్యోగం గురించి నువ్వు రాసింది నాలుగు వాక్యాలు, క్లాసు గురించి రెండు పేజీలు. నా అనుమానమంతా అక్కడే. మొదటిదే నిజమైతే అది లెక్కలతో తేలే విషయం. రెండోదైతే ఉద్యోగంలో చేరినా తేలదు, ఎందుకంటే ఆ ఫ్లోర్ మీద కూడా గడగడా మాట్లాడేవాళ్లుంటారు.

భాష సంగతి ముందు చూద్దాం. మాట్లాడే ఫ్రెంచి, చదివే ఫ్రెంచి ఒకటి కాదు. నీ క్లాస్‌మేట్లు గడగడా మాట్లాడే ఫ్రెంచిలో 'పాసే సాంప్ల్' దాదాపు వినపడదు. చాలా నవలల్లో మాత్రం పేజీ పేజీకీ అదే భూతకాలం. ఫోన్లో కస్టమర్‌కి బిల్లు సంగతి చెప్పేవాడికి అది అక్కర్లేదు. మార్టినిక్ దీవి కవి ఎమె సెజైర్ దీర్ఘకవిత ముందు కూర్చుంటే ఆ గడగడలవాళ్లూ నిఘంటువు తెరవాల్సిందే, తెరిచినా సగం మాటలు అందులో ఉండవు. వాళ్లు నీకంటే ముందున్నది మాటలో, చెవిలో. చదవడంలో ఎవరెక్కడున్నారో ఇంకా ఎవరూ చూడలేదు. నువ్వసలు పోటీలోనే లేకుండా ఓడిపోయానంటున్నావు.

అనువాదం చదవడం దొంగతనం కాదు. చదివి ఆగిపోవడంతోనే ఇబ్బంది. మరియామా బా 'ఉన్ సీ లాంగ్ లెత్ర్' 1979లో వచ్చింది. ఆఫ్రికాలో అచ్చైన పుస్తకాలకిచ్చే నోమా బహుమతి మరుసటి ఏడాది మొదటిసారి దానికే వచ్చింది. భర్త పోయిన రమతులాయే, మైల పాటించే రోజుల్లో ఇంట్లో కూర్చుని తన స్నేహితురాలు అయిసతూకి రాసుకునే ఉత్తరం అది. చచ్చిపోయినవాడు, తమ కూతురి స్నేహితురాల్ని రెండో పెళ్లి చేసుకుని తనను వదిలేసినవాడు. చావింటికి వచ్చే చుట్టాలు, పెట్టుపోతల లెక్కలు, ఇద్దరు భార్యల్నీ పక్కపక్కన కూర్చోబెట్టి చూసే జనం... ఇవి అర్థం చేసుకోవడానికి కోస్తా జిల్లా పిల్లకి ఏ ఫుట్‌నోటూ అక్కర్లేదు. పారిస్‌లో పుట్టినవాళ్లకి కావాలేమో. రచయిత్రి బడిపంతులమ్మ. ఫ్రెంచి శుభ్రంగా, బడిలో నేర్పే వ్యాకరణంతో ఉంటుంది. పుస్తకం కూడా చిన్నది. కథ నీకెలాగూ తెలుసు కాబట్టి ఇప్పుడు మూలంలో రోజుకు అయిదారు పేజీలు పైకి చదువు. తెలియని మాటలన్నిటికీ అర్థాలు వెతక్కు, మూడుసార్లు ఎదురైన మాటకే వెతుకు. సెలవుల్లో అయిపోతుంది. అది ముగిశాకే ఐవరీ కోస్ట్ రచయిత కురూమా జోలికి వెళ్లు. ఆయన మొదటి నవలలో ఫ్రెంచి వాక్యం ఆయన మాతృభాష మలింకే మాటతీరుకు లొంగి నడుస్తుంది. దాన్ని 1968లో ముందు అచ్చేసింది పారిస్ కాదు, మాంట్రియల్. సిలబస్‌లో ముందుంది కదా అని కష్టమైనదాన్నే ముందు పట్టుకుని, అర్థం కాక, తెలివిలేనిది తనేననుకునే పిల్లల్ని చాలామందిని చూశాను.

మార్కులు పోయేది మాత్రం ఇంకోచోట, దాన్ని నువ్వు అసలు ప్రస్తావించలేదు. మనకి బడి నుంచీ వ్యాసమంటే తెలిసినదంతా వరసగా రాసేయడం. ఫ్రెంచివాళ్ల పరీక్ష వ్యాసం, 'దిసెర్తాసియోఁ', అలా కుదరదు. ముందు ఒక సమస్య నిలబెట్టాలి, ఒక వాదం, దానికి ఎదురు వాదం, ఆ రెండూ దాటే మూడోది. 'ఎక్స్‌ప్లికాసియోఁ ద తెక్స్త్', అంటే పాఠ్యభాగ వివరణ, అయితే ఇచ్చిన పాతిక ముప్ఫై పంక్తుల్ని విడిచి బయటికి వెళ్లకూడదు, రచయిత జీవితచరిత్రతో పేజీలు నింపకూడదు. అక్కడి పిల్లలకి ఇది లిసేలోనే, అంటే హైస్కూలు పైతరగతుల్లోనే, అలవాటవుతుంది. నీకెవరూ నేర్పలేదు, అంతే. పాత ప్రశ్నపత్రాల్లోంచి ఒక పేరా తీసుకుని వారానికొకటి రాసి, బాగా మాట్లాడే ఆ ఢిల్లీ పిల్లనే దిద్దిపెట్టమని అడుగు. అడిగితే చులకనవుతానని అనుకుంటావేమో. నోరు విప్పనివాళ్లని చూసి పొగరనుకుంటారు తప్ప చులకన చేయరు.

ఇక ఉద్యోగం. అయిదున్నర లక్షలు తక్కువేం కాదు, తీసిపారేయమని చెప్పే హక్కు నాకు లేదు. తాకట్టులో ఉన్నది నా గొలుసు కాదు. కాకపోతే ముందు రెండు లెక్కలు వెయ్యి: గొలుసు మీద ఎంత తీసుకున్నారు, నెలకి వడ్డీ ఎంత పడుతోంది. ఉత్తరంలో ఈ రెండూ రాయలేదు. అమ్మని అడగలేదనుకుంటాను. బ్యాంకులో పెట్టారా, వడ్డీవ్యాపారి దగ్గరా అన్నది కూడా ముఖ్యమే. బ్యాంకులో అయితే వడ్డీ కట్టి గడువు మార్పించుకునే వీలుంటుంది. వ్యాపారి దగ్గరైతే తొందరపడాల్సిందే.

తొందర నిజమేనని తేలిందనుకో, జనవరిలో చేరు. ఎవరూ తప్పు పట్టరు. అయితే ఊరికే మానేసి వెళ్లిపోకు. విశ్వవిద్యాలయాల్లో కోర్సు పూర్తి చేయడానికి మామూలు రెండేళ్ల మీద కొంత గడువు ఇస్తారు. నీ దగ్గర ఆ నియమం ఎలా ఉందో ఆఫీసులో కనుక్కుని, నాలుగో సెమిస్టర్‌ను వాయిదా వేయించుకుంటూ కాగితం మీద అనుమతి తీసుకో. ఆ కాగితం లేకపోతే తిరిగొచ్చినప్పుడు పేరే ఉండదు. దీంతో వచ్చే నష్టం కూడా తెలుసుకో. మారే షిఫ్టుల్లో రాత్రి పనిచేసి పగలు డిసర్టేషన్ రాస్తానని చేరినవాళ్లలో రాసినవాళ్లు అరుదు. ఇంకోటి, యంత్రం అనువాదం చేసేస్తున్న ఈ రోజుల్లో ఫ్రెంచి ఈమెయిళ్లకి జవాబులిచ్చే పని పదేళ్లు ఉంటుందని నేను చెప్పలేను. డిగ్రీ చేతిలో ఉంటే ఆ పని పోయినా బడిలోనో కాలేజీలోనో ఇంకో తలుపుంటుంది.

వడ్డీ మోయగలిగేదే అయితే కంపెనీకి ఒక మెయిల్ పెట్టి, మే తర్వాత చేరతానని అడుగు. ఒప్పుకోకపోవచ్చు. అయినా ఇలాంటి పోస్టులు ఒకసారి వచ్చి పోయేవి కావు, ఏడాది పొడుగునా భాష తెలిసినవాళ్ల కోసం వెతుకుతూనే ఉంటారు. ఈలోగా ఖర్చులకి ట్యూషన్లు ఉన్నాయి. 2023లో కెనడా తన వలస పథకం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచి వచ్చినవాళ్లకి ప్రత్యేకంగా పిలుపులు మొదలుపెట్టింది. అప్పటి నుంచి మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఆఫీసు నుంచి వచ్చి రాత్రిపూట క్రియాపదాలు వల్లె వేస్తున్నారు. అక్కడి పీఆర్ (శాశ్వత నివాసం) పుణ్యమా అని ఫ్రెంచి టీచర్లకి ఇన్నాళ్లకి మంచి రోజులొచ్చాయి! సీబీఎస్‌ఈ బడుల పిల్లల్లోనూ ఫ్రెంచి తీసుకునేవాళ్లుంటారు. శని, ఆదివారాల్లో ఆన్‌లైన్‌లో ఒక చిన్న బ్యాచికి ఏ1 (మొదటి స్థాయి) చెప్పినా హాస్టల్ ఖర్చులో కొంత వస్తుంది. తెలుగులో వివరించి చెప్పే ఫ్రెంచి టీచరు వాళ్లకీ దొరకదు. పైగా చెప్పడం మొదలుపెడితే నీ నోరూ తిరుగుతుంది. నన్నడిగితే ఇదే మేలు. గొలుసు ఇంకో ఆరు నెలలు ఆగగలిగితేనే సుమా.

పీహెచ్‌డీ మాట ఉత్తరంలో ఒక్క చోటే, అదీ భయపడుతూ రాశావు. కాలేజీలో పాఠాలు చెప్పడానికీ పరిశోధనకీ అర్హత ఇచ్చే నెట్ పరీక్షలో ఫ్రెంచి ఒక సబ్జెక్టు. ఎం.ఏ.లో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 50. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే భృతి) వస్తే నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. వినడానికి బావుంది గానీ మన సబ్జెక్టులో ఆ జేఆర్ఎఫ్‌లు దక్కేది కొద్దిమందికే. మొదటిసారే వస్తుందని ఇంట్లో చెప్పి ఆశపెట్టకు. ఫ్రాన్స్ వెళ్లి మాస్టర్స్ చేయడం ఇంకో మాట. యూరప్ బయటివాళ్లకి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏడాది ఫీజు దాదాపు 3,900 యూరోలు, కొన్నిచోట్ల మినహాయింపు ఇస్తారు. కానీ వీసాకి నెలకి 615 యూరోల చొప్పున డబ్బు చూపించాలి. స్కాలర్‌షిప్ లేకుండా అటు చూడకు, ఇంకో గొలుసు పోతుంది.

గైడ్ గురించి. "మెటీరియల్ దొరకదు" అని గైడ్లు రెండు కారణాలకి అంటారు: నిజంగా దొరకదని, లేదా అది తమ రంగం కాదని. నీ విషయంలో మొదటిది నిజం కాదు. పెర్సే, ఓపెన్ ఎడిషన్, కెబెక్ వాళ్ల ఎరుది, ఈ మూడు ఆన్‌లైన్ భాండాగారాల్లోనూ వ్యాసాలు బోలెడు, చాలావరకు పైసా ఖర్చు లేకుండా చదవొచ్చు. ద్వీపాల రచయితల కోసం 'ఈల్ ఆఁ ఈల్' అనే సైటు ప్రత్యేకంగా ఉంది. రెండో కారణమైతే ఆయన్ని తప్పుపట్టకు. తనకి తెలియని దారిలో నిన్ను నడిపించి మధ్యలో వదిలేయడం కంటే అది నిజాయితీ.

అయితే నీ అంశం చాలా పెద్దది. 'మారిషస్ కూలీల నవలలు' అంటే ఒక సెమిస్టర్లో తేలదు. 1834 నుంచి దాదాపు అయిదు లక్షల మంది ఒప్పంద కూలీలు ఆ దీవిలో దిగారు. అందులో ఎక్కువమంది బీహార్ వైపు వాళ్లు, మద్రాసు నుంచి వెళ్లినవాళ్లలో మనవాళ్లున్నారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లని కోరంగీలని పిలిచేవారు. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లొచ్చిన తాతల కథలు మన ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు, మారిషస్ వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు గనక ఇక్కడ చెప్పేవాళ్లు పెద్దగా మిగల్లేదు. వాళ్ల మనవలు అక్కడ, ఫ్రెంచిలో చెబుతున్నారు. దీవి 1810లోనే ఇంగ్లీషువాళ్ల చేతికి పోయినా సాహిత్యం ఎక్కువగా ఫ్రెంచిలోనే సాగింది. మారిషస్ రచయిత్రి నటాషా అప్పన మొదటి నవల 'లే రోషే ద పూద్ర్ దోర్' 2003లో వచ్చింది, అది ఈ కూలీల కథే. ఇరవై ఏళ్ల తర్వాత 2023లో 'లా మెమ్వార్ దెలావే' రాసింది. 1872లో తెలుగు ప్రాంతం నుంచి ఆ దీవికి వెళ్లిన తన పూర్వీకుల గురించి, ఈసారి నవలగా కాదు. అదే రచయిత్రి, అదే ప్రయాణం, ఒకసారి కల్పన చేసి, ఒకసారి కాగితాలు వెతికి. ఈ రెండు పుస్తకాలు చాలు నీ డిసర్టేషన్‌కి. మిగతావాటి పేర్లు ముందుమాటలో వస్తే సరిపోతుంది.

ఇలా కుదించి, రెండు పేజీల ప్రతిపాదన ఫ్రెంచిలో రాసి, వెనక పది వ్యాసాల జాబితా జతచేసి గైడ్ దగ్గరికి వెళ్లు. నోటితో అడిగినదానికీ కాగితం మీద పెట్టినదానికీ తేడా ఉంటుంది. అయినా ఒప్పుకోకపోతే విభాగంలో ఆ రంగం తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమో చూసి, ఆయన అనుమతితోనే మారు. చాటుగా మారితే మౌఖిక పరీక్ష రోజున తెలుస్తుంది. అదీ కుదరకపోతే కామూనే తీసుకో, కానీ నీ దారిలోకి తిప్పుకో. 1942లో కామూ రాసిన 'లెత్రాంజే' నవలలో, కథ చెప్పే మెర్సో చేతిలో చచ్చిపోయిన అరబ్బుకి పేరు లేదు. 2013లో అల్జీరియాలో కమెల్ దావూద్ ఆ చచ్చిపోయినవాడి తమ్ముడి చేత కథ చెప్పిస్తూ 'మెర్సో, కాంత్రాంకెత్' రాశాడు. ఈ రెండూ కలిపి చదివితే గైడ్‌కి కామూ దక్కుతాడు, నీకు అల్జీరియా దక్కుతుంది. చిక్కల్లా ఇది చాలామంది తొక్కిన దారి కావడమే. మార్కులకి భయం లేదు, కానీ ఎవరూ చూడనిది చూశానన్న సంతోషం ఉండదు. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే మారిషస్ కోసం కొంచెం పట్టుబట్టు. లేదనుకుంటే ఈ అంశంతో సమయానికి ముగించి బయటపడొచ్చు.

అతిథిలా ఉన్నానన్న మాటకి వస్తాను. అది నీ ఒక్కదాని దిగులైతే ఓదార్చేదాన్ని. నువ్వు చదివే రచయితల్లో సగం మంది దిగులదే. అల్జీరియా రచయిత కతేబ్ యసీన్ 1956లో ఫ్రెంచిలో గొప్ప నవల రాసి, స్వాతంత్ర్యం వచ్చాక జనం మాట్లాడే అరబ్బీలో నాటకాలాడించడానికి వెళ్లిపోయాడు. సెనెగల్ రచయిత బుబకర్ బోరిస్ జోప్ ఏళ్ల తరబడి ఫ్రెంచిలో రాసి 2003లో వొలోఫ్‌లో నవల తెచ్చాడు. ఇంకొందరు ఫ్రెంచిలోనే ఉండిపోయి దాన్నే వంచుకున్నారు. 2007లో 44 మంది రచయితలు లె మోంద్ పత్రికలో సంతకాలు చేసి, ఫ్రాన్స్ బయటివాళ్ల ఫ్రెంచి రాతలకి వేసిన ఈ 'ఫ్రాంకోఫోన్' అనే విడి అరుగు మాకొద్దు, ఫ్రెంచిలో వచ్చేదంతా ప్రపంచ సాహిత్యమే అన్నారు. ఆ తర్వాత కూడా సిలబస్‌లలో అరుగు అలాగే ఉంది, అది వేరే గొడవ. ఈ సాహిత్యం ఎవరిదన్న ప్రశ్న మీదే ఈ ఫ్రాంకోఫోన్ సాహిత్య శాఖ నడుస్తోంది. నువ్వు దాన్ని చదువు రాకపోవడం కింద జమ కట్టుకున్నావు. అదే ప్రశ్నను డిసర్టేషన్ మొదటి పేజీలో పెట్టు, బాగుంటుంది.

బాబాయికి జవాబివ్వాలని తాపత్రయపడకు. ఆయన నవ్వు ఆయన దగ్గరే ఉండనీ. నాన్నకి మాత్రం చెప్పాలి. ఆయన దగ్గర ఒక పారిస్ ఉంది, నువ్వు దాన్ని కాదనకుండా నెట్టుకొస్తున్నావు. నల్లవాళ్ల ఆత్మగౌరవ సాహిత్యోద్యమం నెగ్రిట్యూడ్ గురించి చెప్పొద్దు. ఆనంద దేవి గురించి చెప్పు: మారిషస్‌లో పల్లెటూళ్లో తెలుగు మూలాలున్న ఇంట్లో పుట్టి, ఫ్రెంచిలో రాసి, 2024లో అమెరికా వాళ్ల న్యూస్టాట్ సాహిత్య బహుమతి అందుకుంది. "మనవాళ్ల పిల్లే నాన్నా" అను. ఎరువుల దుకాణంలో రోజూ రైతులతో మాట్లాడే మనిషికి, పొలం పని కోసం ఓడెక్కిన కూలీల సంగతి నువ్వనుకున్నంత పరాయిగా ఉండదు. ఉద్యోగం వచ్చిన సంగతి కూడా దాచకుండా అదే రోజు చెప్పు. దాని మీద ఆయన ఏమంటారో విన్నాకే కంపెనీకి మెయిల్ పెట్టు. ఆయన "చేరిపోమ్మా" అంటే కోపం తెచ్చుకోకు. ఎన్ని నెలలు ఆగగలరో అడుగు, అంకె చెప్పించు.

ఒకటి మాత్రం ఏ దారి తీసుకున్నా చేసి పెట్టుకో. నీ ఉత్తరంలో డెల్ఫ్ బీ2 (ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే భాషా సర్టిఫికెట్ పరీక్ష) రాసినట్టు ఎక్కడా లేదు. ఎం.ఏ. పూర్తయినా కాకపోయినా కంపెనీవాళ్లు, బడులవాళ్లు, ఫ్రాన్స్ విశ్వవిద్యాలయాలవాళ్లు అందరూ ముందు అడిగేది దాన్నే. కెనడా కోసం రాసే టెఫ్, టీసీఎఫ్‌ల ఫలితాలు రెండేళ్లే పనికొస్తాయి, డెల్ఫ్‌కి గడువు లేదు. హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో తర్వాతి పరీక్ష ఎప్పుడో, ఫీజు ఎంతో ఈ వారమే కనుక్కో. మొదటి నెల ట్యూషన్ డబ్బు దానికే పక్కన పెట్టు.